మందుల చీటీ పారేయకండి

(దిబ్బూరహళ్ళి యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మన దిబ్బూరహళ్ళిలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. డాక్టరు రాసే చీటీ మాత్రం ఇంగ్లీషు. ఆ చీటీ చదవలేని తల్లి, మందు వికటించి బిడ్డకు చూపో వినికిడో పోతే ‘దేవుని చిత్తం’ అని ఊరుకుంటుంది. పాస్టర్లమైన మేము కూడా ఆ మాటతోనే ఓదార్చి తిరిగి వచ్చిన రోజులున్నాయి. అది మా తప్పే.

1993 డిసెంబరులో ఢిల్లీలోని స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రిలో టైఫాయిడ్ అని ఒక పసివాణ్ణి చేర్చారు. నర్సు తెమ్మన్న ఇంజెక్షన్ తండ్రే కొనితెచ్చాడు. ఆమె దాన్ని నరానికి ఎక్కించగానే బిడ్డ తల్లి ఒడిలోనే వాలిపోయాడు. ప్రాణం దక్కింది గాని మెదడు మళ్ళీ కోలుకోనంతగా దెబ్బతింది. నర్సుకు తగిన అర్హత లేదని విచారణలో తేలింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1998లో కోర్టు బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు వేరుగా 5 లక్షలు ఖాయం చేసింది. బిడ్డా వినియోగదారుడే, డబ్బు కట్టిన అమ్మానాన్నలూ వినియోగదారులే అని చెప్పింది. జీవితమంతా ఆ బిడ్డను ఎత్తుకుని మోయాల్సింది వాళ్ళే కదా!

అయితే మందు వికటించిన ప్రతిసారీ డాక్టరుదే తప్పు అనలేం. జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు కొందరికి వినికిడి తీసేస్తాయి, అయినా ప్రాణం కాపాడటానికి ఇవ్వక తప్పని సందర్భాలుంటాయి. మోతాదు చూశారా, ఎన్ని రోజులిచ్చారు, ముందే చెప్పారా అన్నదే కోర్టు అడుగుతుంది. జవాబు కాగితాల్లో ఉంటుంది. అందుకే చీటీ, బిల్లు, మిగిలిన సీసా, దాని మీది బ్యాచ్ నంబరు దాచండి. ఆసుపత్రి రికార్డు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కొంత డబ్బు చేతిలో పెట్టి ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అంటే, చదివించుకోకుండా పెట్టకండి.

డబ్బు కట్టి చేయించిన వైద్యమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 2019 చట్టం ప్రకారం ఆసుపత్రి బెంగళూరులో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండానూ వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, కాని దాన్ని నమ్ముకోవద్దు. మందులోనే లోపముంటే తయారు చేసిన కంపెనీని కూడా అదే చట్టం కింద అడగవచ్చు.

అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి అయితే ఈ కమిషన్ దారి లేదు. 1995లో సుప్రీంకోర్టు అలా తేల్చింది. అప్పుడు సివిల్ కోర్టో హైకోర్టో దిక్కు. ఖర్చుకు భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. 15100కు ఫోన్ చేయండి, లేదా శిడ్లఘట్ట కోర్టులో తాలూకా న్యాయ సేవల సమితిని అడగండి.

మందు వికటించిన సంగతి 1800-180-3024కు కూడా చెప్పండి. దానితో పరిహారం రాదు, కాని అదే మందు ఇంకో ఊళ్ళో ఇంకో బిడ్డకు ఇచ్చే ముందు అది లెక్కలోకి వస్తుంది.

చదువుకున్న యువకులారా, ఈ ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట ఇక్కడే కూర్చుందాం. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవారు కాగితాలన్నీ సంచిలో వేసుకుని రండి. తేదీల వరుసలో పెట్టి, గడువు ఎంత మిగిలిందో ముందు చూద్దాం.