వేరు కుంపటి లీగులు



2021 ఏప్రిల్ 18న యూరప్‌లో 12 ధనిక ఫుట్‌బాల్ క్లబ్బులు సూపర్ లీగ్ పేరుతో వేరు కుంపటి పెట్టాయి. స్థాపించిన క్లబ్బులకు ఏటా చోటు ఖాయం. ఓడినా బయటికి పోయేది లేదు. అభిమానులు భగ్గుమన్నారు. లండన్‌లో, ఆ క్లబ్బుల్లో ఒకటైన చెల్సీ మైదానం ముందు జట్టు బస్సుకు అడ్డంగా నిలబడ్డారు. రెండు రోజుల్లోనే ఆ 12లోని ఆరు ఇంగ్లండ్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి.

ఇలాంటి ముచ్చట మన దగ్గరా జరిగింది. 2007లో జీ సంస్థల అధిపతి సుభాష్ చంద్ర ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్) మొదలుపెట్టారు. భారత క్రికెట్ బోర్డు బీసీసీఐ దాన్ని గుర్తించలేదు. అందులో చేరినవాళ్లకు రంజీ ట్రోఫీ తలుపులు మూసేసింది. 21 ఏళ్ల క్రికెటర్ అంబటి రాయుడు ఆ లీగులోని హైదరాబాద్ హీరోస్ జట్టులో చేరాడు. 2008లో ఆ జట్టు ఫైనల్లో లాహోర్ బాద్షాస్‌ను ఓడించి కప్పు గెలిచింది. అదే ఏడు బీసీసీఐ ఐపీఎల్ తెచ్చింది. 2009 నాటికి ఐసీఎల్ చతికిలబడింది, తిరిగొచ్చిన ఆటగాళ్లను బోర్డు క్షమించింది. రాయుడు భారత జట్టుకు ఆడేసరికి మాత్రం 2013 వచ్చింది.

లీగు పోతే యజమాని మరో వ్యాపారం చూసుకుంటాడు, ఆటగాడికి పోయిన ఏళ్లు తిరిగి రావు. మీ పిల్లలు ఏ కొత్త లీగులోనైనా సంతకం పెట్టేముందు, దానికి ఆ ఆట సంఘం గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి.