బడి ఎవరికి జవాబు చెప్పాలి?

(పుల్లలచెరువులో మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడి గోడల మీద మంచి మాటలకు కొదవ లేదు. సత్యం, క్రమశిక్షణ, సమానత్వం అన్నీ రాసి ఉంటాయి. ఆ గోడ పక్కనే వరండా ఊడ్చేది మాత్రం చాలాచోట్ల ఆడపిల్లలే. మగపిల్లలు అప్పుడు ఆడుకుంటూ ఉంటారు. మరి ఆ బడి నేర్పుతున్న విలువ గోడ మీద ఉన్నదా, పిల్ల చేతిలోని చీపురులో ఉన్నదా?

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్త కాదు. మార్కాపురం పలక మీద ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పలకల పనిలో మన పిల్లల చేతులూ అరిగిపోయాయి. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద మొదట చేపట్టిన ప్రాజెక్టుల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పలక చేసిన పిల్లకు పలక పట్టే హక్కు లేకపోయింది.

ఆ హక్కు ఎవరి దయవల్లా రాలేదు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. 2002లో రాజ్యాంగాన్ని సవరించారు. 2009లో చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది.

బడి ధ్యేయం ఏమిటో ఆ చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. చదువు రాజ్యాంగ విలువలకు తగ్గట్టు ఉండాలి. బిడ్డకు భయం, ఆందోళన లేకుండా చేయాలి. కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ 17వ సెక్షన్ నిషేధించింది. కులం పేరు పెట్టి పిలవడం, రజస్వల అయిన పిల్లను ఎగతాళి చేయడం మనసు నొప్పించడం కాదా? ఆలోచించండి.

ఇవన్నీ అడిగేదెవరు? మనమే. 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. కానీ జరుగుతున్నదేమిటి? పేరు భార్యది, కుర్చీ భర్తది. తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తుంది, చదవకుండా సంతకం అవుతుంది.

అడిగితే ఏమవుతుందంటారా? 1990 దశకం మొదట్లో పక్క జిల్లా నెల్లూరులో, దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. చదివిన పాఠంలో తమ బతుకును చూసుకుని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. చదువు చేయాల్సిన పని అదే.

ఇక దూరం సంగతి. 2022లో 117వ జీవోతో ఎన్నో ఊళ్లలో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. అయినా పిల్లలు తక్కువన్న పేరుతో బడులు కలిపే ఆలోచన ఎప్పుడైనా తిరిగి రావచ్చు. బడి దూరమైతే మొదట ఇంట్లో ఆగేది ఆడపిల్లే. కోతల కాలంలో మనం గుంటూరు వైపు మిరపకాయల పనికి పోతే తమ్ముణ్ణి చూసుకోవడానికి వెంట వచ్చేదీ ఆ పిల్లే.

ఇంకొక లెక్క చూడండి. ఉచిత నిర్బంధ విద్య హక్కు 14 ఏళ్లకు ముగుస్తుంది. ఆడపిల్ల పెళ్లి 18 ఏళ్ల దాకా చేయరాదు. నడుమ ఉన్న ఆ నాలుగేళ్లలో చదువు ఆగిన పిల్లకు పెళ్లి మాటలు మొదలవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. అందుకే కస్తూర్బా విద్యాలయాలను 12వ తరగతి దాకా పెంచాలన్న 2018 నిర్ణయం ప్రతి మండలంలో పూర్తిగా అమలు కావాలని మనం గట్టిగా అడగాలి.

ఇళ్లకు వెళ్లాక మూడు పనులు చేద్దాం. కమిటీ సమావేశానికి భర్తల్ని కాదు, మనమే వెళ్దాం. తీర్మానం చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. ఈ నెల బడి మానేసిన ఆడపిల్లల పేర్లు, మానేసిన కారణాలు పుస్తకంలో రాయించి, ఒక్కొక్క ఇంటికీ కలిసి పోదాం.