పల్లేరు మొక్క, మన ఆడపిల్లల ఆరోగ్యం

  

ఈరోజు పల్లేరు మొక్క గురించి మాట్లాడతాను. బీడుల్లో, పొలం గట్ల మీద, ఇసుక నేలల్లో నేలబారుగా పాకుతుంది. పసుపు పువ్వుకు ఐదు రేకులు. కాయ ఎండితే ఐదు చెక్కలవుతుంది, ప్రతి చెక్కకూ ముళ్లే. చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు దీన్ని వేరే పరిచయం చేయక్కర్లేదు.

ఆయుర్వేదంలో దీన్ని గోక్షురం అంటారు. దశమూలాల్లో ఇదొకటి. మూత్రం సాఫీగా వచ్చేలా చేసే పది మూలికల్లో చరక సంహిత దీన్ని చేర్చింది. చరకుణ్ణి చదవని మన అవ్వలు కూడా మూత్రం మంటగా ఉంటే పల్లేరు కాయలు నలగ్గొట్టి కషాయం కాచి ఇచ్చారు. ఆ తెలివి మనం గర్వపడాల్సినదే.

అయితే ఏనుగు పల్లేరు అని ఇంకొకటి ఉంది. దాని కాయ పెద్దది, నాలుగు పలకలు, నాలుగు ముళ్లు. ఆకు కొమ్మను నీళ్లలో తిప్పితే నీళ్లు జిగురుగా మారతాయి. బజారులో రెండింటినీ గోఖ్రూ అనే అమ్ముతారు. తేడా తెలిసిన పెద్దల్ని అడగకుండా కొనకండి.

ఇప్పుడు వార్డెన్‌గా ఒక మాట. మరుగుదొడ్డి బాగాలేదని మన ఆడపిల్లలు బడిలో నీళ్లు తాగరు, మూత్రం ఆపుకుంటారు. తర్వాత మంట మొదలవుతుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే కషాయంతో ఆగొద్దు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు పాకి ఉండవచ్చు. వెంటనే పీహెచ్‌సీకి వెళ్లి మూత్ర పరీక్ష చేయించాలి, ఇచ్చిన మందు పూర్తిగా వాడాలి. గర్భిణులు, షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏ కషాయమూ తాగకూడదు.

యువత చేయాల్సినవి మూడు పనులు. ఒకటి, మీ ఊరి అవ్వ దగ్గర కూర్చుని మొక్క పేరు మన భాషలో, వాడే తీరు, దొరికే చోటు రాసుకోండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ స్థాయి కమిటీ తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో అది ఎక్కేలా చూడండి. రెండు, బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి కావాలని గ్రామసభలో అడగండి. అన్నలూ, ఈ మాట మీరే ముందు అడగాలి, చెల్లెళ్ల మీద వదిలేయొద్దు. మూడు, నొప్పి ఉందని చెప్పిన పిల్లను చూసి నవ్వకండి.

అవ్వ చెప్పిన మూలికా మనదే, ఆసుపత్రిలో పరీక్షా మన హక్కే. రెండూ నిలబెట్టుకుందాం.

జై ఆదివాసీ!