లెక్కల యంత్రముల నడుమ దారి

సూపర్ కంప్యూటరన నొక్క యంత్రము గాదు. అనేక యంత్రములు పంచుకొని చేయు లెక్క. ఘట్టఘట్టమునను అవి తమ ఫలితములను మార్చుకొనవలెను. ఒక్కదాని వార్త యాలస్యమైన తక్కినవన్నియు నూరకుండును. సాక్షి యొక్కడు రాకున్న విచారణయెల్ల వాయిదాపడుటను మేము నిత్యము చూచుచున్నాము గదా! కావున దారి వెడల్పొక్కటియే చాలదు, జాప్యమును తగ్గింపవలెను.

1991లో పుణె నగరమున సీడాక్ వారు పరమ్ 8000 నిర్మించిరి. అమెరికా తన మేటి యంత్రమును విక్రయింప నిరాకరించుటయే యందులకు మూలము. అందలి ట్రాన్స్‌ప్యూటర్ చిప్పులును, వాని నాలుగేసి లంకెలును ఆంగ్లదేశపువే. పిమ్మట పరమ్‌నెట్ అను జాలమును మనవారే కల్పించిరి. 2003లో పరమ్ పద్మ, చిప్పులు ఐబియం వారివైనను, ఈ జాలముతోడనే ప్రపంచపట్టికలో 171వ స్థానమందెను.

కొన్న జాలమున వార్తలు క్రిక్కిఱిసిన విక్రేత వాకిట నిలువవలెను. మనదైన విప్పి చూచి, ఏ మలుపున నాగెనో కనుగొని దిద్దుకొందుము. చిప్పులకన్న ముందు ఈ దారిపై ధనము వెచ్చింపుడని మేము కోరుచున్నాము.