లారీని కోయలేం, వాటాను పంచగలం

(మైలవరంలో లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్‌ల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇబ్రహీంపట్నం రింగు సెంటరులో పది నిమిషాలు నిలబడితే మన మెట్ట ప్రాంతపు బ్రతుకంతా చక్రాల మీద కనిపిస్తుంది. జగ్గయ్యపేట సిమెంటు, కొండపల్లి కంకర, థర్మల్ కేంద్రపు బూడిద, నందిగామ పత్తి, మిరప, వేసవి వస్తే మన మైలవరం, రెడ్డిగూడెం మామిడి, అన్నీ ఆ కూడలి దాటవలసిందే. ఆ లారీల నడుమ అప్పుడప్పుడు ఒక కంటైనరు పోతుంటుంది. దాని మీద లేత నీలి చతురస్రం, అందులో ఏడు కోణాల తెల్లని నక్షత్రం ఉంటాయి. డ్రైవర్ సోదరులందరికీ అది గుర్తే. అది మెర్స్క్ కంపెనీ గుర్తు. ప్రపంచంలోని అతి పెద్ద ఓడ రవాణా సంస్థల్లో ఒకటైన ఆ కంపెనీని మొదలుపెట్టింది ఒక తండ్రీ, ఒక కొడుకూ. ఆ సంగతికి తరువాత వస్తాము. ముందు మా ఇంటి సంగతి చెప్పుకుంటాము. సిగ్గుపడవలసిన సంగతే అయినా మీ ముందు దాచడం న్యాయం కాదు.

మా అబ్బాజాన్ క్లీనరుగా బండి ఎక్కి, డ్రైవరై, చివరకు రెండు లారీల యజమాని అయ్యారు. తిరువూరు మీదుగా భద్రాచలం రోడ్డులో ఆయనకు తెలియని మలుపు లేదు. మేము ఇద్దరం అన్నదమ్ములం, మాకొక ఆపా. అబ్బాజాన్ హఠాత్తుగా కన్నుమూసినప్పుడు ఆర్‌సీలు, పర్మిట్లు, ఫైనాన్స్ కాగితాలు అన్నీ ఆయన ఒక్కరి పేరిటే ఉన్నాయి. పర్మిటుదారు మరణిస్తే ముప్ఫై రోజుల్లోగా రవాణా అధికారికి తెలియజేయాలనీ, అలా తెలియజేసినవారు మూడు నెలల వరకే ఆ పర్మిటు మీద బండి నడపవచ్చుననీ, ఈలోగా తమ పేరుకు మార్పించుకోవాలనీ 1988 మోటారు వాహనాల చట్టం 82వ సెక్షన్ చెబుతోంది. మాకది తెలియదు. చెప్పినవారూ లేరు. ఒక లారీ ఎవరిదన్న మాట తేలక ఎనిమిది నెలలు వేపచెట్టు క్రింద నిలిచిపోయింది. బ్యాటరీ చచ్చింది, టైర్లు పగుళ్ళిచ్చాయి, కిస్తీలు మాత్రం ఆగలేదు. చివరకు చెరొక బండీ తీసుకున్నాము. ఆపాకు ఏమిచ్చామంటారా? "నీ పెళ్ళికి ఖర్చు పెట్టాము కదా" అన్న మాట ఇచ్చాము. అమ్మీజాన్‌ను అసలు అడగనే లేదు. ఐదు పూటలా నమాజు చేసే ఇంట్లోనే ఇది జరిగింది.

షరీఅత్ లెక్క ఎంత స్పష్టమో మీకు తెలుసు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న చోట, అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తిని నలభై భాగాలు చేస్తే భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఐదు భాగాలు. మిగిలిన ముప్ఫై ఐదులో కొడుకులకు పద్నాలుగేసి, కూతురికి ఏడు. పాఠశాల పిల్లవాడు కూడా చేయగల లెక్క ఇది. చిక్కు లెక్కలో లేదు, లారీలో ఉంది. రెండు లారీలను నలభై ముక్కలుగా ఎవరు కోయగలరు? కోయలేము గనుక మనం ఆడవాళ్ళ భాగాన్ని మింగేస్తాము. లేదా బండి అమ్మి డబ్బు పంచుకుంటాము, దానితో వ్యాపారమే చచ్చిపోతుంది. మన ఇళ్ళలో తండ్రి కట్టిన వ్యాపారం కొడుకుల తరంలో సగమై, మనుమల తరంలో మళ్ళీ స్టీరింగు పట్టే కూలికి చేరడానికి కారణం ఎక్కువగా ఇక్కడే ఉంది.

ఇప్పుడు మన పక్కనే పెరిగిన ఒక సంస్థను చూద్దాం. 1958లో ప్రభుదయాళ్ అగర్వాల్ కలకత్తాలో ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను ప్రారంభించారు. ఒక మనిషి, ఒక లారీ, ఒక ఆఫీసు, ఇదే దాని మొదటి రూపమని ఆ సంస్థ నేటికీ చెప్పుకుంటుంది. మనం టీసీఐ అని పిలిచేది దానినే. దాని రిజిస్టర్డ్ ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉంది. ఒక్క లారీతో మొదలైన ఆ సంస్థ జపాన్ వారి మిత్సుయితో కలసి టయోటా కార్ల రవాణా చేపట్టింది, ఓడలు నడిపింది, నేపాల్, బంగ్లాదేశ్‌లకు సరుకు పంపే స్థాయికి చేరింది. 1989లో అదే కుటుంబం నుండి గతి పుట్టింది. మొదట టీసీఐలో ఒక విభాగంగా ఉండి, తరువాత వేరు సంస్థ అయి, హైదరాబాద్ కేంద్రంగా ఎదిగింది. 2016లో టీసీఐ తన ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని కూడా వేరు కంపెనీ చేసింది, టీసీఐ వాటాదారులకు కొత్త కంపెనీలో వాటాలు వచ్చాయి.

ఇందులో మనం గమనించవలసింది లారీల సంఖ్య కాదు. ఆ కుటుంబంలోనూ కొమ్మలు చీలాయి, ఎవరి దారి వారు చూసుకున్నారు. కాని ఆ చీలిక కాగితం మీద, వాటాల రూపంలో జరిగింది. గోడౌను మధ్య గోడ లేవలేదు. లోడు ఎక్కించిన బండి దారిలో ఆగలేదు. సరుకు అప్పగించిన వ్యాపారికి ఇంట్లో ఏమి జరిగిందో తెలియవలసిన అవసరమే రాలేదు.

వాటా పద్ధతికి ప్రమాదం లేదని అనడం లేదు. వాటా చేతులు మారుతుంది. గతిలో 2012లో జపాన్‌కు చెందిన కింటెట్సు సంస్థ భాగస్వామిగా వచ్చింది, 2020కి ముంబయి ఆల్‌కార్గో సంస్థ గతినే చేతిలోకి తీసుకుంది. స్థాపకుల చేయి దాటింది, వ్యాపారం మాత్రం నడుస్తూనే ఉంది. మన లారీ వేపచెట్టు క్రింద నిలిచినట్టు నిలిచిపోలేదు.

ఇక మెర్స్క్. 1904లో డెన్మార్క్‌లోని స్వెన్‌బోర్గ్ అనే చిన్న రేవు పట్టణంలో పీటర్ మెర్స్క్ మోలర్ అనే ఓడ కెప్టెనూ, ఆయన కొడుకు ఆర్నాల్డ్ పీటర్ మోలరూ ఒక ఆవిరి ఓడల కంపెనీ పెట్టారు. కొన్న మొదటి ఓడ పాతదే. మనవాళ్ళు సెకండ్ హ్యాండ్ లారీతో మొదలుపెట్టినట్టే. 1953లో ఆ కొడుకు చేసిన పని మనకు ముఖ్యం. కంపెనీ మీద అధికారం వారసుల మధ్య చెదరిపోకుండా దానిని ఒక ధర్మనిధి చేతిలో పెట్టారు. ఆయన 1965లో పోయారు. ఆయన కొడుకు దశాబ్దాలపాటు నడిపి 2012లో కన్నుమూస్తే, ఆ ధర్మనిధికి అధ్యక్షత వహించింది ఎవరో తెలుసా? కూతురు. ఆయనకు ముగ్గురూ కూతుళ్ళే. వారిలో ఆనె అనే ఆమె ఆ బాధ్యత తీసుకున్నారు. కొడుకు లేడు గనుక ఇల్లు ఆరిపోయిందని అక్కడ ఎవరూ ఏడవలేదు.

ఆస్తిని అమ్మకుండా, ముక్కలు కాకుండా ఒక ప్రయోజనం కోసం కట్టి ఉంచడం మనకు డెన్మార్క్ వారు నేర్పవలసిన విద్య కాదు. దాన్ని మనం వక్ఫ్ అంటాము. 1906లో ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్ ఒక చిన్న మందుల దుకాణం పెట్టారు. అదే హమ్‌దర్ద్. 1922లో ఆయన మరణిస్తే ఆయన భార్య రాబియా బేగం ఆ దుకాణాన్ని నిలబెట్టారు, కొడుకులను ఆ పనిలో తీర్చిదిద్దారు. 1948లో ఆ వ్యాపారాన్ని వక్ఫ్ చేశారు. రూహ్ అఫ్జా సీసాను ఇఫ్తార్ బల్ల మీద పెట్టేటప్పుడు ఒక వితంతువు ఆ దుకాణపు తలుపు మూయనివ్వలేదన్న మాట కూడా పిల్లలకు చెప్పండి. కుటుంబ వక్ఫ్‌కు 1913 చట్టం గుర్తింపునిచ్చింది. 2025 సవరణ చట్టం మీద మన అభ్యంతరాలు మనకున్నాయి, వాటిని వేరే సభలో మాట్లాడుకుందాం. అయితే కుటుంబ వక్ఫ్ పేరిట ఆడపిల్లల వారసత్వాన్ని ఎగ్గొట్టకూడదన్న మాట ఆ చట్టంలో చేరిందంటే, దానికి మన ఇళ్ళే సందు ఇచ్చాయా అని ఒకసారి ఆలోచించాలి.

మూడు లారీల వాడికి వక్ఫ్ ఎందుకు, కంపెనీ ఎందుకు అని మీరు అనవచ్చు. చట్టం మనల్ని ఎక్కడ ఉంచిందో చూడండి. హిందూ సోదరులకు అవిభక్త కుటుంబం అనే ఏర్పాటు ఉంది, ఆదాయపు పన్ను శాఖ దానిని ఒక ప్రత్యేక వ్యక్తిగా లెక్కిస్తుంది. మనకు అది లేదు. యజమాని ఒక్కడే అయితే వ్యాపారానికి అతని ఆయుష్షే ఆయుష్షు. అన్నదమ్ములు కలసి ఫర్మ్ పెట్టుకుంటే, ఒప్పందంలో వేరుగా రాసుకోనంత వరకు, ఒక భాగస్వామి మరణంతో ఫర్మ్ రద్దవుతుందని 1932 భాగస్వామ్య చట్టం అంటుంది. ఎంతమంది మన భాగస్వామ్య పత్రాల్లో ఆ ఒక్క వాక్యం రాయించారు? ప్రైవేటు కంపెనీకి ఇద్దరు వాటాదారులు చాలు, రెండు వందల మంది వరకు ఉండవచ్చు, ఎవరు మరణించినా కంపెనీ మరణించదు. లారీ కంపెనీదవుతుంది, వారసులకు వాటాలు చేరతాయి. నలభైలో ఏడు భాగాలు ఇవ్వడానికి ఏ ఇనుమూ కోయనక్కరలేదు.

పెట్టుబడి మాట. వడ్డీకి భయపడే ఇళ్ళు మనవి. అయినా బండి కోసం చివరకు ప్రైవేటు ఫైనాన్సు దగ్గరకే పోతున్నాము. బ్యాంకు ఎందుకు దగ్గర కాలేదో 2006లో సచార్ కమిటీ చెప్పింది. ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా పక్కన పెట్టిన సంగతిని అది నమోదు చేసింది. రోడ్డు రవాణాలో, వాహనాల మరమ్మతులో ముస్లిం శ్రామికుల వాటా ఎక్కువన్నదీ ఆ నివేదికే. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగు షెడ్ల ముందు నడిస్తే ఆ నివేదిక చదవనక్కరలేదు. పని మన చేతుల్లో ఉంది, పరపతి లేదు. ఇది హక్కుల ప్రశ్న, దీన్ని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండాలి. కాని బ్యాంకు మేనేజరు మూడేళ్ళ లెక్కలు అడిగినప్పుడు మన దగ్గర ట్రిప్ షీట్లు కూడా లేకపోతే ఆ వాదన బలహీనపడుతుంది. మన ధర్మంలో లాభనష్టాల్లో పాలు పంచుకునే ముషారకా ఉంది, ఒకరి డబ్బు, ఒకరి శ్రమగా నడిచే ముదారబా ఉంది. ఖదీజా (ర) గారి సరుకుతో దైవప్రవక్త (స) సిరియాకు వెళ్ళిన వర్తకం మన పిల్లలకు తెలిసిందే. గల్ఫ్‌లో కష్టపడి డబ్బు పంపే తమ్ముడు వాటాదారు కావడానికి ఇవి చాలు. కాకపోతే రాసుకోవాలి. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించే. అది బఖరా సూరాలోని 282వ ఆయత్.

దేశాలు దాటే రవాణా అంటే సొంత ఓడ ఉండాలని అనుకోవద్దు. 1982లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో మొదలైన అరామెక్స్, 1997లో అమెరికా నాస్‌డాక్ మార్కెట్‌లో వాటాలు అమ్మిన మొదటి అరబ్ సంస్థ అయింది. ఇతరుల విమానాల్లో సరుకు పంపుతూనే అది ఎదిగింది. నందిగామ గోడౌను నుండి జిద్దా దుకాణం దాకా లారీ, రైలు, ఓడ అన్నిటికీ కలిపి ఒకే కాగితం మీద బాధ్యత వహించేందుకు మన దేశంలో 1993 నుండే చట్టం ఉంది. దానికి షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ దగ్గర నమోదు కావాలి, అక్కడ లెక్కలు చూపాలి. మళ్ళీ లెక్కల దగ్గరకే వచ్చాము.

మా ఇంటి సంగతి సగంలో వదిలాము. మూడేళ్ళ క్రితం మేమిద్దరం ఆపా ఇంటికి వెళ్ళాము. అబ్బాజాన్ వదిలిన రెండు లారీలలోనే కాక, ఆ సొమ్ముతో ఇన్నేళ్ళు మేము పెంచుకున్నదానిలోనూ అమ్మీజాన్‌కు, ఆపాకు భాగం ఉందని ఒప్పుకున్నాము. ఆపా చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకు" అని మాత్రం అంది. మా దగ్గర మంచి జవాబు లేదు. ఇప్పుడున్న మూడు లారీలనూ కంపెనీ పేరిట మార్చాము. ఫైనాన్స్ ఉన్న బండికి వారి అంగీకార పత్రం తెచ్చుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. వంద రూపాయల వాటాలు నలభై వేలు చేశాము. అమ్మీజాన్‌కు ఐదు వేలు, ఆపాకు ఏడు వేలు, మాకు పద్నాలుగేసి వేలు. మేము అంతర్జాతీయ సంస్థ కాలేదు. మా బండ్లు ఇంకా జగదల్‌పూర్ దాటి పోవడం లేదు.

మొదటి సమావేశం మా ఇంటి వరండాలోనే జరిగింది. మేము లాభం అంకె చదివాము. ఆపా ఖర్చుల కాగితం చేతిలోకి తీసుకుని అడిగింది: "వెనక టైర్లు ఆరు నెలల్లో రెండుసార్లు ఎందుకు మార్చారు? రీట్రేడింగు బిల్లు ఏది?"

మా ఇద్దరి దగ్గరా బిల్లు లేదు. ఆ ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో ఆపాయే స్వయంగా రాసింది.