పశువుల ఆనవాళ్ళు – వాటి వ్రాత



గ్రంథాలయ పుస్తకమునకు ముద్ర, సంఖ్య ఉన్నట్లే పశువునకును గుర్తు, లెక్క ఉండవలెను. నల్లమల అంచున గల మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో మేతకు పోయిన మందలు కలిసిపోవుట సహజము. అప్పుడు పశువెవరిదో తేల్చునవి మేనిమీది గుర్తు, దానిని తెలుపు వ్రాత.

భారతమున ఘోషయాత్రకు దుర్యోధనుడు చెప్పిన నెపము మందల లెక్కింపు, దూడల అంకనము. గోవుల అధికారి ముద్రను, పుట్టుమచ్చను, రంగును, కొమ్ముల తీరును పుస్తకమున కెక్కించవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది.

1871 నాటి పశువుల చట్టము బందెలదొడ్డి రిజిష్టరులో పశువుల సంఖ్య, ఆనవాళ్ళు, తోలిన దినము, వేళ, పట్టినవాని పేరు, తెలిసినచో యజమాని పేరు వ్రాయుమన్నది. 7 దినములలో ఎవరును రాకున్న ఊరిలోను, దగ్గరి సంతలోను చాటింపు. పిదప మరి 7 దినములకు వేలము. ‘ఎర్రయెద్దు’ అని మాత్రమే చాటించిన రైతు తన యెద్దును పోల్చుకొనుటెట్లు? ‘నొసట తెల్లచుక్క, కుడి తొడపై వాత, ఎడమ కొమ్ము వంకర’ అని వ్రాసియున్నచో ఒక యింటి సేద్యము నిలుచును.

నేడు చెవికి 12 అంకెల బిళ్ళ వచ్చినది. పశువు చేతులు మారినను లెక్కలో పేరు మారనిచో అది పాత యజమానినే చూపును. కావున కొన్న పశువును ఇంటికి తోలుకొనివచ్చిన వెంటనే పశువైద్యశాలలో పేరు మార్పించుకొనుడు.