యుద్ధకాలమున విలేఖరి
(పెదకూరపాడున యువ విలేఖరుల యెదుట గావించిన ఉపన్యాసము)



కారెమపూడి కయ్యమును తరతరములుగా పాడుకొనుచున్న సీమ మనది. యుద్ధకథ యన్న చెవి కోసికొనువారము. అందుచేతనే యుద్ధవార్త వ్రాయునపుడు మనము మిక్కిలి జాగరూకులమై యుండవలయును.

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. పత్రికలకు నాడు పరప్రభుత్వము సంకెలలు తగిలించియుండెను. నమ్మదగిన వార్త లేనిచోట వదంతి రాజ్యమేలును గదా! ప్రజలు మూటాముల్లె సర్దుకొని ఊళ్లు విడిచిరి. ప్రజల మాట యటుంచుడు. శత్రునౌకలు వచ్చుచున్నవను తప్పుడు వర్తమానమును నమ్మి మదరాసు ప్రభుత్వమే తన కచ్చేరీలను లోతట్టు ప్రాంతములకు తరలించెను!

మఱి స్వరాజ్యమున మనము చేసినదేమి? 2025 మే 8వ తేదీ రాత్రి కొన్ని టెలివిజను సంస్థలు కరాచీ రేవు ధ్వంసమైనదని చాటినవి. అది నిజము కాదు. నాడు పాలకుడు నోరు నొక్కెను. నేడు నొక్కకయే మనము నోరు జారితిమి. సైన్యపు కదలికలను ప్రత్యక్షముగా చూపవలదని అంతకుముందే, ఏప్రిలు 26న, కేంద్రప్రభుత్వము సూచించియుండెను. ఆ సూచన న్యాయమైనదే. 2008లో బొంబాయిపై దాడి జరిగినపుడు టెలివిజను ప్రసారములు శత్రువునకు వేగు లైనవి. కాని దాచుట వేఱు, కల్పించుట వేఱు.

విశాఖ సముద్రముననే మఱియొక పాఠమున్నది. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి గడచి 4వ తేదీ వచ్చువేళ పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ అచట మునిగిపోయెను. మన రాజపుత్ యుద్ధనౌక దానిని ముంచెనని మన నౌకాదళము చెప్పును. లోపలి ప్రేలుడువలననో, తాను పఱచిన మందుపాతరవలననో మునిగెనని పాకిస్తాను చెప్పును. విలేఖరి యేమి వ్రాయవలెను? మునిగినది నిజము, ఎట్లు మునిగెనో ఎవరు చెప్పిరో వారి పేరు పెట్టి వ్రాయవలెను. ఇట్లు వ్రాసిన దేశభక్తికి లోపమని కొందఱందురు. నేనొప్పుకొనను. మన విజయమునకు అబద్ధపు ఊతకఱ్ఱ యెందులకు?

ఇక మీకు నిజముగా ఎదురగు పరీక్ష కరాచీలో లేదు. మన పల్లెలనుండి సైన్యమున చేరిన బిడ్డలున్నారు. ఎవరో ఒకరు నేలకూలినట్లు మీకు ముందుగా తెలియవచ్చును. సైన్యమువారి కబురు ఆ తల్లికి అందకమునుపు పేరు అచ్చువేయకుడు. ఆ యింటి తలుపు తట్టి ఛాయాచిత్రము అడుగకుడు. ఆలస్యమైనదని సంపాదకుడు కోపించిన కోపింపనిండు.